వెన్నకు చిత్రిక పట్టిన పిన్ని

మా పిన్ని నోట్లో ఎప్పుడూ నాలుగైదు మేకులుంటాయి. పెదవుల మధ్య వరసగా బిగించి పెట్టుకుంటుంది. ఒక్కోటీ తీసి కొడుతుంది, అయిపోతే మళ్లీ నింపుకుంటుంది. వద్దని పళ్ల డాక్టరు చెప్పాడు, మా అమ్మ చెప్పింది, దారిన పోయేవాళ్లు కూడా చెప్పారు. అందరికీ ఆవిడ ఇచ్చిన జవాబు ఒక్కటే: "ఊఁ." మేకులున్న నోటితో అంతకంటే ఎక్కువ పలకదు. మేకులు లేనప్పుడు పెద్ద తేడా ఉంటుందని కాదు.

పిన్ని వడ్రంగి. వయసు యాభై ఒకటి. పని నేర్పిన గురువంటూ ఎవరూ లేరు. పదహారేళ్లప్పుడు ఇంట్లో ఒక కుంటి కుర్చీ ఉండేదట. దాన్ని పూర్తిగా ఊడదీసి, రెండు రోజులు ముక్కల మధ్య కూర్చుని, మళ్లీ బిగించింది. కుర్చీ నిలబడింది. ఆ తర్వాత ఇంట్లో ఆవిడ ఊడదీయని వస్తువు మిగల్లేదు. ఇప్పుడు చుట్టుపక్కల నాలుగైదు వీధుల్లో తలుపు పట్టేసినా, సొరుగు రాకపోయినా ఆవిడ కోసమే వస్తారు. నేను ఆవిడ అక్క కొడుకుని. పద్దెనిమిదేళ్లుగా ఆవిడ పనిచేసే షెడ్డులోనే లేత్ మిషన్ మీద బల్లలకు కాళ్లు, తలుపులకు పిడులు తీస్తున్నాను. పెళ్లెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే పిన్ని, "కొలత కుదరలేదు" అని, కర్రను పొరలు లేపి నున్నగా చేసే చిత్రిక అందుకుంటుంది. చిత్రిక సాగుతున్నంతసేపూ ఎవరి మాటా వినిపించదు.

మా షెడ్డుకీ పక్కనున్న బేకరీకీ మధ్య ఒకటే గోడ. గోడకు అవతల, ఒక చివర, బేకరీ ఓవెన్ ఉంది. అందుకని ఇవతల కూడా గోడ ఎప్పుడూ గోరువెచ్చగా ఉంటుంది. పిన్ని కొత్తగా వచ్చిన కర్రనంతా దానికి ఆనించి ఆరబెడుతుంది. అదే గోడ రెండో చివర ఒక తలుపు ఆనించి ఉండేది. మంచి టేకు తలుపు, నాలుగు పలకలది, గడపతో సహా తయారు. రెండేళ్లుగా అక్కడే ఉంది. ఎవరిదని అడిగితే, "కొలత తప్పింది, ఎవరూ తీసుకుపోలేదు" అంది పిన్ని. నేను నమ్మాను. ఆవిడ కొలత తప్పడం నా జన్మలో చూడలేదని అప్పుడే గుర్తు రావాల్సింది. రాలేదు.

బేకరీ నడిపే ఆయన పిన్ని కంటే మూడేళ్లు పెద్ద. ఆయనా ఒంటరివాడే. సన్నటి మనిషికి దట్టమైన మీసం, ఆ మీసానికి ఎప్పుడూ పిండి. మా అమ్మ ఆయనకు పిండిమీసం అని పేరు పెట్టింది. ఆయన ఉన్నచోట కూడా నోరు జారి అంటుంది, ఆయన నవ్వేసి మీసం దులుపుకుంటాడు. పిన్ని మాట్లాడని మాటలన్నీ కలిపి ఆయనే మాట్లాడతాడు. పొద్దున్నే రెండు బన్నులు పట్టుకుని మా షెడ్డు గుమ్మంలో నిలబడి, పిండి ఎలా పొంగిందో, ఎందుకు పొంగలేదో చెబుతాడు. పిన్ని కర్ర కోస్తూ వింటుంది.

వీళ్లిద్దరి మధ్య ఒక అలవాటుంది. ఏటా ఆకులు రాలడం మొదలయ్యే వారం ఆయన ఆ కాలపు మొదటి ఆపిల్ పళ్లతో 'ఆపిల్ పై' అని, పిండి రేకుల మధ్య పళ్ల ముక్కలు నింపి కాల్చే వంటకం చేసి, చదరపు రేకు ట్రేలో వేడివేడిగా తెచ్చి పిన్ని బల్ల మీద పెడతాడు. మొదటి ఏడు పిన్ని దాన్ని నాలుగు పక్కల నుంచీ చూసి, "ఇది పెట్టె" అంది. "అడుగు, నాలుగు పక్కలు, మూత. లోపల ఆపిల్." అప్పటి నుంచి మా ఇంట్లో దాని పేరు ఆపిల్ పెట్టె. తిన్నాక పిన్ని ట్రే కడిగి, అందులో తాను చేసిన వస్తువొకటి పెట్టి తిరిగి పంపేది. ఒక ఏడు పిండి ఒత్తే కర్ర. ఒక ఏడు రొట్టెలు దించే చెక్క పార, అది ట్రేలో పట్టక అడ్డంగా పెట్టింది. ఇంకో ఏడు గరిటెల స్టాండు. ఏడేళ్లలో ట్రే ఒక్కసారి కూడా ఖాళీగా పోలేదు.

ఈసారి బుధవారం పొద్దున ఆయన వచ్చాడు. చేతిలో ట్రే ఉంది. అందులో ఏమీ లేదు.

"మేస్త్రీ గారూ, ఈసారి ఖాళీది తెచ్చానండీ" అన్నాడు. మీసానికి పిండి లేదు. దువ్వుకుని వచ్చాడు. "షాపు అగ్రిమెంటు అయిపోవస్తోంది. మళ్లీ రాయించుకుంటానో లేదో యజమానురాలికి ఆదివారం సాయంత్రం నాలుగింటికి చెప్పాలి. వేరే ఊళ్లో మా తమ్ముడికి పెద్ద బేకరీ ఉంది, వచ్చి చూసుకో అన్నయ్యా అంటున్నాడు. మీరు వెళ్లమంటే వెళ్తాను. ఉండమంటే ఉంటాను." అక్కడ ఆగి ట్రేని ఎడమ చేతిలోంచి కుడి చేతిలోకి మార్చుకున్నాడు. "ఉండమంటే... పక్కపక్క షాపుల్లో ఉండటం కాదండీ నేననేది. ఒకే ఇంట్లో ఉండటం. పెళ్లి చేసుకుని."

నేను లేత్ ఆపేశాను. పిన్ని చేతిలో సుత్తి, నోట్లో అయిదు మేకులు. మొహం మాత్రం చెవుల దాకా ఎర్రబడింది. ఒక్క మేకు కూడా తీయలేదు. తీయాలని తోచలేదు.

ఆయన కాసేపు చూశాడు. "తొందరేం లేదండీ" అన్నాడు, ఆదివారానికి నాలుగు రోజులే ఉండగా. ట్రే బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

"పిన్నీ! పిలవనా?" అన్నాను.

"ఊఁహూఁ" అంది పిన్ని. తర్వాత మేకులన్నీ అరచేతిలోకి ఊసి, వాటిని చూస్తూ నిలబడి, ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టింది. రంపపుపొట్టు మీద కూలబడి నవ్వింది. పద్దెనిమిదేళ్లలో ఆ షెడ్డులో అంత నవ్వు నేను వినలేదు.

సాయంత్రం ఇంటికి వస్తూనే పిన్ని, "అక్కా, ఓవెన్ ఖాళీ చెయ్యి" అంది.

మా ఇల్లు షెడ్డుకి రెండు వీధుల అవతల. ఓవెన్ అయితే ఉంది గానీ, అది మా అమ్మ మూకుళ్లు దాచుకునే బీరువా. ఎవరూ వెలిగించి ఎరగరు.

"ఎందుకే? నా మూకుళ్లు ఎక్కడ పెట్టను?" అంది అమ్మ. నేను సంగతి చెప్పాను. అమ్మ చెంబు కింద పెట్టేసింది. "పిండిమీసం అడిగేశాడా! ఎప్పుడడుగుతాడా అని నేను ఏడేళ్ల నుంచి చూస్తుంటే! సరే అన్నావా?"

"లేదు."

"ఏం, వద్దా?"

"వద్దని కాదు."

"అయితే సరే అనవే తల్లీ! రెండక్షరాలు! నోరు అరిగిపోతుందా?"

"ఏడేళ్లు చేసి పెట్టిన మనిషికి ఒక మాట పడేసి ఊరుకోమంటావా?" అంది పిన్ని. ఆవిడకు అది ఉపన్యాసం. "ట్రే ఖాళీగా ఉంది. ఖాళీగా ఎప్పుడైనా పంపానా? ఆపిల్ పెట్టె చేస్తాను. అదే జవాబు."

"నీకు వంట వచ్చేది ఎక్కడే? అందులో వేసే వాటిల్లో నీకు తెలిసింది ఒక్క దాల్చినచెక్కే!"

"పెట్టె చేయడం వచ్చు" అంది పిన్ని.

గురువారం సాయంత్రం మొదటి పెట్టె. పిన్ని ముందుగా ప్లైవుడ్ ముక్క మీద బొమ్మ గీసింది. పై నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి. పిండి, వెన్న, నీళ్లు కలిపి, కిటికీలకు లప్పం పిసికినట్టు అరగంట పిసికింది. మూడు మిల్లీమీటర్ల మందాన ఒత్తి, మూలమట్టం పెట్టి కోసింది. ఆపిల్ ముక్కలు నింపి, మూత పెట్టి, అంచు చుట్టూ గుడ్డు సొన రాసి వేళ్లతో నొక్కుకుంటూ వెళ్లింది. చివరికి దీపం వెలుగులో చుట్టూ తిప్పి చూసింది. "సందు లేదు. గాలి కూడా దూరదు" అంది గర్వంగా.

గాలి దూరలేదు నిజమే. బయటికి రావడానికీ దారి లేదు. ఇరవై నిమిషాలకు మూత మధ్యలో పైకి లేచింది. ముగ్గురం ఓవెన్ అద్దం ముందు గొంతుక్కూర్చున్నాం. మూత ఇంకా లేచింది, గుమ్మటంలా అయింది.

"ఏమే, అది ఊపిరి పీలుస్తోందే!" అంది అమ్మ.

ఢబ్బుమంది. ఆపిల్ రసం ఓవెన్ అడుగున పడి, చక్కెర మాడి, పొగ ఇల్లంతా కమ్మేసింది. కిటికీలు తెరిచి తువ్వాళ్లతో విసురుతుంటే పైఇంటివాళ్లు తొంగిచూసి ఏం కాలిందని అడిగారు. "మా చెల్లెలి పెళ్లి" అంది అమ్మ.

శుక్రవారం రెండోది. ఈసారి మూతకు మధ్యలో చిల్లు పెట్టింది. పేలలేదు. పైకి చక్కగా, బల్లపరుపుగా, గోధుమరంగులో వచ్చింది. ముగ్గురం చేతులు పట్టుకుని వంటింట్లో గిర్రున తిరిగాం. తర్వాత అమ్మ కత్తి పెట్టింది. కత్తి దిగలేదు. అమ్మ కత్తి పిడితో మూత మీద టక్ టక్ మని కొట్టింది. లోపలి నుంచి డొల్ల చప్పుడు వచ్చింది.

"ఎవరండీ లోపల?" అంది అమ్మ. "ఉన్నారా, ఇల్లు ఖాళీ చేసి పోయారా?"

చివరికి నేను విరిచాను. మూత పైన ఉన్నచోటే ఉంది, ఆపిల్ అడుక్కి దిగిపోయి సగమైంది. మధ్యలో గది ఒకటి ఖాళీ. మూత ముక్క తీసుకుని పిన్ని బల్ల మీద పెట్టి, జేబులోంచి మేకు తీసి, సుత్తితో ఒక్కటి వేసింది. మేకు వంగింది. పిన్ని వంగిన మేకును మా ఇద్దరికీ చూపించింది. పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకున్నాం. కానీ నవ్వు ఆగాక పిన్ని ఆ ఖాళీ గదినే చూస్తూ కూర్చుంది. "ఇంక రెండు రోజులు" అంది.

శనివారం పొద్దున ఆయన బన్నులు తెచ్చాడు. ఆయన గుమ్మంలో కనబడగానే పిన్ని డబ్బాలోంచి గుప్పెడు మేకులు తీసి నోట్లో పెట్టుకుంది. ఆ పూట మేకులు కొట్టే పనే లేదు.

ఆయన ముక్కు ఎగబీల్చి వాసన చూశాడు. నన్ను బయటికి పిలిచాడు. "తమ్ముడూ, ఒక మాట. రెండు రోజులుగా మీ పిన్ని గారి దగ్గర మాడిన చక్కెర వాసన వస్తోంది. ఆపిల్, దాల్చినచెక్క వాసన కూడా. నా ముక్కు తప్పు చెప్పదు. ఆవిడ... ఇంకో బేకరీలో కొంటున్నారా?"

ఎవరికీ చెప్పొద్దని పిన్ని నా చేత ముందే ఒట్టు పెట్టించుకుంది. "అదేం లేదు మాస్టారూ" అన్నాను.

"దాచకు. కొంటే కొన్నారు. కానీ మాడిన సరుకు అమ్మేవాడి దగ్గరా! అది బాధ." మీసం వాలిపోయింది. "నాకు జవాబు తెలిసిపోయిందిలే. డబ్బాలు సర్దుకుంటున్నాను."

నేను లోపలికి పరుగెత్తి చెప్పాను. పిన్ని మేకులు ఊసేసి, కోయాల్సిన చెక్కను తిరగేసి, మరగేసి, ఏం కోయాలో మరిచిపోయింది. సరిగ్గా అప్పుడే ఒకాయన అలమరా తలుపు ఒకటి పట్టుకొచ్చాడు. ఎక్కడో చేయించాడట. ఆరు నెలలు తిరక్కుండానే పలక కుంచించుకుపోయి, చట్రానికీ దానికీ మధ్య వేలెడు సందు వచ్చింది.

"పచ్చి కర్రతో చేశారండీ. ఆరబెట్టకుండా బిగిస్తే ఇంతే. నీరంతా పోయాక..." అంటూ పిన్ని ఆగిపోయింది. ఆ సందులోకి వేలు పెట్టింది. తీసింది. మళ్లీ పెట్టింది. ఎగిరి స్టూలు మీదికెక్కింది.

"ఒరేయ్! ఆపిల్ పచ్చి కర్ర రా!"

తలుపు తెచ్చినాయన నా వైపు చూశాడు. నాకు అర్థమై నేనూ గంతేశాను. ఆయన తలుపు పట్టుకుని ఒక అడుగు వెనక్కి వేశాడు.

"ముందు ఆరబెట్టాలి! నీరు తీసేసి, అప్పుడు బిగించాలి!" అంది పిన్ని స్టూలు మీద నుంచే. "మూత గట్టిదనం సంగతి కూడా... వెన్న గురించి ఆయన ఏమనేవాడు రా? ఎప్పుడూ చెప్పేవాడు."

నేను ఆయన గొంతుతో అన్నాను: "వెన్న చల్లగా ఉండాలి, చెయ్యి తక్కువగా పడాలి. వెన్న పొరలుగా మిగిలితేనే మూత పొరలుగా విడుతుంది."

పిన్ని తన చేతులు చూసుకుంది. ముప్పై అయిదేళ్లు రంపం పట్టిన చేతులు. పొద్దుటి నుంచి రాత్రి దాకా వేడిగానే ఉంటాయి. ఆ చేతుల్లో వెన్న క్షణంలో నూనె అవుతుంది. "చేత్తో ముట్టకూడదు. పొరలు కావాలి" అని గొణుక్కుంది. ఆవిడ చూపు గోడకు వేలాడే పనిముట్ల మీదికి పోయింది. కొత్త చిత్రిక ఒకటి ఉంది అక్కడ. ఇంకా కర్ర ముట్టనిది, కాగితం కూడా విప్పనిది.

ఆదివారం పొద్దున ఏడింటికి మొదలుపెట్టాం. ఆపిల్ ముక్కలు కోసి, చక్కెర చల్లి, జల్లెడలో వేసి, అడుగున గిన్నె పెట్టింది పిన్ని. గంటన్నరలో గిన్నె నిండా నీరు దిగింది. "చూడక్కా, ఎంత తడి ఉందో దీంట్లో" అంది. ఆ నీటిని సన్నటి మంట మీద పాకంలా చిక్కబడేదాకా మరిగించి, ముక్కలను అందులో వేసి ఒక్క పొంగు రానిచ్చి, దించి చల్లార్చింది. ముక్కలు మెత్తబడి చిన్నవయ్యాయి. ఇక తగ్గడానికి వాటిలో ఏమీ లేదు.

తర్వాత చిత్రిక. మూడుసార్లు మరిగే నీళ్లతో కడిగి, తుడిచి, అరగంట ఫ్రిజ్‌లో పెట్టింది. రాత్రే గడ్డ కట్టించిన వెన్న ఇటుకను అమ్మ గుడ్డ చుట్టి రెండు చేతులతో పట్టుకుంది. పిన్ని బ్లేడు అంచును కంటితో చూసి, చిన్న సుత్తితో వెంట్రుకవాసి సర్ది, కాళ్లు ఎడంగా పెట్టి, వెన్న మీద చిత్రిక తోసింది.

సుయ్యిమంది. చిత్రిక నోట్లోంచి వెన్న పొర లేచి, చుట్ట చుట్టుకుని పిండి గిన్నెలో పడింది. పలచగా, పసుప్పచ్చగా, వెలుగు కనబడేటంత. ముగ్గురం నోరు వెళ్లబెట్టాం. ఇంకోసారి తోసింది. మరో చుట్ట. ఇక పిన్ని ఆగలేదు. చుట్టలు ఎగురుతున్నాయి, పిండిలో పడేవి పడుతున్నాయి, ఒకటి పోయి అమ్మ నెత్తి మీద వాలింది.

"ఏమే, నిదానం! నా చేతులు కూడా నున్నగా చేస్తావా ఏంటి!" అని అమ్మ అరుస్తోంది, నవ్వుతోంది, ఇటుకను మాత్రం వదల్లేదు.

ఫోర్కుతో చుట్టలను పిండిలో కలిపి, చల్లటి నీళ్లు నాలుగు చెంచాలు పోసి, చెయ్యి పడీ పడనట్టు ముద్ద చేసింది. ఒత్తి, కోసి, ట్రేలో అడుగు వేసింది. పక్కలను మూలల దగ్గర ఒకదానిలోకి ఒకటి దిగేలా, సొరుగు మూలలకు పళ్లు కోసినట్టు చిన్న కత్తితో కోసి కలిపింది. ఆపిల్ నింపింది. మూత వేసే ముందు చాలాసేపు చూసింది.

"పలకకు ఊపిరాడాలి" అంది. మూత మధ్యలో చిన్న తలుపు కోసింది. అగ్గిపెట్టెంత ఉంటుంది. మూడు పక్కలు కోసి, నాలుగో పక్క వదిలేసి, కొంచెం తెరిచి ఉంచింది. పిడి కోసం చుట్టూ వెతికితే అమ్మ డబ్బాలోంచి లవంగం తీసిచ్చింది.

రెండూ ముప్పావుకి ఓవెన్‌లోంచి బయటికి తీశాం. మూత లేవలేదు, దిగలేదు. చిన్న తలుపు సందులోంచి తేనెరంగు రసం ఒక్క బొట్టు వచ్చి ఆగింది, లోపలి నుంచి ఆవిరి సన్నగా పోతోంది. అమ్మ కత్తి అందుకోబోతే పిన్ని చెయ్యి పట్టుకుంది. "జిగురు ఆరనీ. అరగంట." ఆ అరగంటా కాలు కాలిన పిల్లిలా వంటింట్లో తిరిగింది. ఓవెన్ తుడిచింది, మూకుళ్లు సర్దింది, పొరపాటున ఒక మూకుడు ఫ్రిజ్‌లో పెట్టింది.

మూడున్నరకి బయల్దేరాం. ట్రేకి తువ్వాలు చుట్టి పిన్ని ముందు, మేమిద్దరం వెనక. రోడ్డు నిండా ఎండుటాకులు. పిన్ని నడక మెల్లగా మొదలై, మొదటి వీధి చివరికి పరుగైంది. "పడతావే! పడితే నీ పెళ్లీ పడుతుంది!" అంటూ అమ్మ ఆయాసంతో వెనక పరుగెత్తింది. వాసనకు దారిలో ఇద్దరు ఆగి తిరిగి చూశారు, ఒక కుక్క వీధి దాటేదాకా మాకు తోడొచ్చింది.

బేకరీలో అరలు ఖాళీగా ఉన్నాయి. తాడు కట్టిన డబ్బాలు వరసగా పెట్టి ఉన్నాయి. వాటిలో ఒకదాంట్లోంచి పిన్ని చేసిన రొట్టెల పార పిడి బయటికి పొడుచుకొచ్చింది. ఆయన గల్లా దగ్గర ఫోను ముందు కూర్చున్నాడు.

పిన్ని ట్రే ఆయన ముందు పెట్టి తువ్వాలు తీసింది. ట్రేని ఆయన వైపు జరిపింది.

ఆయన ట్రే చూసి, పిన్నిని చూసి, బాధగా నవ్వాడు. "ఇంకో బేకరీది నా ట్రేలోనే పెట్టి తెచ్చారా మేస్త్రీ గారూ? మంచిదేలెండి. ఖాళీగా పంపకూడదు కదా." అన్నాడే గానీ చేతులు ఊరుకోలేదు. ట్రే పక్కకు వంచి అంచు చూశాడు. వేలితో మూత అంచు తట్టాడు. పొరలు పొరలుగా రాలింది. కళ్లు పెద్దవయ్యాయి. "ఇది మాడ్చేవాడి పని కాదే. వెన్న పొరలు ఇంత పలచగా... ఇంత సమానంగా... ఎవరు చేశారిది? నాకే రాదు ఇలా." ఇంకా వంగాడు. "మూలలు చూడండి, సరిగ్గా తొంభై డిగ్రీలు. బేకరీవాడెవడూ మూలలు ఇలా..."

ఆగిపోయాడు. మూల దగ్గర ఒకదానిలోకి ఒకటి దిగిన పళ్లు చూశాడు. మూత మధ్యలో తలుపు, దాని లవంగం పిడి చూశాడు. మెల్లగా తలెత్తాడు. పిన్ని చెవి మీద పెన్సిలుంది. జుట్టులో వెన్న చుట్ట ఒకటి ఉంది. పై పెదవి మీద ఇంత మందాన పిండి.

"ఇద్దరూ ఇద్దరే. ఇప్పుడు రెండు పిండిమీసాలు" అంది అమ్మ వెనక నుంచి.

"మీరా?" అన్నాడు ఆయన.

"ఊఁ" అంది పిన్ని.

"వెన్న ఎలా కోశారు?"

"చిత్రిక పట్టాను."

"చిత్రికా!" ఆయన లేచి నిలబడ్డాడు. "బ్లేడు ఎంత బయటికి పెట్టారు? చిత్రిక కూడా చల్లబెట్టారా? అడుగు తడవకుండా ఎలా..." అంటూ కత్తి తీసి ముక్క కోశాడు. ముక్క నిలువుగా నిలబడింది. ఆపిల్ మూత దాకా నిండుగా ఉంది, మధ్యలో గది లేదు. పిన్నికో ముక్క పెట్టి, తానూ ఒకటి నోట్లో పెట్టుకున్నాడు. ఇద్దరూ కళ్లు మూసుకుని నములుతున్నారు. అసలు సంగతి ఇద్దరిలో ఒక్కరికీ గుర్తున్నట్టు లేదు. అమ్మ తల పట్టుకుంది. "నాలుగు కొడుతోందిరా!" అంది నాతో.

ఫోను మోగింది.

ఆయన ఉలిక్కిపడి, నోట్లో ముక్కతో ఫోను చూశాడు. పిన్నిని చూశాడు. ఫోను మళ్లీ మోగింది. ఆయన నోటి నిండా వేడి వేడి ఆపిల్, మాట పెగలడం లేదు. చేతులతో అడిగాడు, ఏం చెప్పమంటారని.

పిన్ని నోట్లో ముక్క గుటుక్కున మింగింది. కళ్లలో నీళ్లు తిరిగాయి, అది వేడికో దేనికో తెలియదు. ఫోను అందుకుంది.

"అమ్మా, నేను పక్క షెడ్డు వడ్రంగిని" అంది. మా షెడ్డుకీ ఆవిడే యజమానురాలు. "మాస్టారు ఉంటారు. ఎక్కడికీ వెళ్లరు. కాగితాలు రాయించండి. ఆయన్ని నేను పెళ్లి చేసుకుంటున్నాను. ఇంకో మాట. షెడ్డుకీ బేకరీకీ మధ్య గోడలో తలుపు పెట్టుకుంటాం, ఓవెన్ లేని వైపు. గోడ కొట్టేది నేనే, పూత పూసేది నేనే, మీకు పెచ్చు కూడా ఊడదు. తలుపా? తలుపు తయారుగానే ఉంది."

ఆవిడ జీవితంలో అన్ని మాటలు ఒక్క ఊపిరిలో అనడం అదే మొదటిసారి. ఫోను పెట్టేసి, అలసిపోయినట్టు పిండి బస్తా మీద కూర్చుంది. ఆయన అప్పటికి మింగాడు. మీసమంతా పొరలు. "మేస్త్రీ గారూ" అని మొదలుపెట్టి, ఇంకో ముక్క కోసి ఆవిడ చేతిలో పెట్టాడు. ఆ మనిషికి మాటలు కరువవడం కూడా నేను చూడటం అదే మొదలు. అమ్మ అప్పటికే డబ్బాల తాళ్లు విప్పడం మొదలుపెట్టింది.

సోమవారం పొద్దున నేనూ ఆయనా కలిసి ఆ టేకు తలుపును గోడ దగ్గర్నుంచి పక్కకు జరిపాం. వెనక గోడ మీద పెన్సిలు గీతలున్నాయి. గడపతో సహా తలుపు కొలత, నిలువూ అడ్డమూ మట్టం చూసి గీసినవి. సగం చెరిగిపోయి, దుమ్ము పట్టి ఉన్నాయి.

"తలుపు రెండేళ్ల నుంచి ఇక్కడే ఉందే!" అన్నాడు ఆయన. గీతల మీద వేలు పెట్టి చివరి దాకా జరుపుకుంటూ వెళ్లాడు. "రెండేళ్లు! ఒక్క మాట అనొచ్చు కదండీ?"

పిన్ని నోట్లోంచి మేకులు ఒక్కోటీ తీసి జేబులో వేసుకుంది. తలుపు పలక మీద అరచెయ్యి పెట్టి చూసింది.

"కర్ర ఆరాలి కదా" అంది.